ఇసుక దారిలోంచి పిలిస్తే పలకొద్దు

మా దీవిలో పిల్లలకి సరిగ్గా నడక రాకముందే ఒక మాట నేర్పేవాళ్ళు. దీపాలు పెట్టాక ఇసుక దారిలోంచి ఎవరు పిలిచినా పలకొద్దు. అమ్మ గొంతులా ఉన్నా పలకొద్దు. కిటికీ మూసేసి, పొయ్యిలో మంటకి ఇంకో ఎండిన పీట్ మట్టిగడ్డ వేసి, ఏమీ విననట్టు కూర్చోవాలి.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. మొన్న నవంబరు దాకా అలాగే కూర్చున్నాను.

ఇసుక దారి అంటే రోజుకి రెండుసార్లు, సముద్రం వెనక్కి పోయినప్పుడు, మా దీవికీ కీనన్ లంకకీ మధ్య తేలే అరమైలు నేల. లంక మీద ఒక రాతి గుడిసె, ఒక బావి, అంతే. వెయ్యేళ్ళ కిందట కీనన్ అనే సన్యాసి అక్కడ ఒక్కడే ఉండేవాడట. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మావాళ్ళు ఆ బావికి మొక్కుకుంటారు. ఏడు గులకరాళ్ళు చేత్తో పట్టుకుని, సూర్యుడు తిరిగే వైపుగా ఏడు చుట్లు తిరగాలి. చుట్టుకో రాయి వదలాలి. ఏడో రాయి పడేదాకా నోరు విప్పకూడదు. ఒక్క మాట జారినా మొక్కు చెల్లదు, జబ్బు మనిషి దక్కడు.

మా నాయనమ్మ హనోరాకి మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చింది. ఆరు రోజులు ఒళ్ళు పెనంలా కాలిపోయిందట. వాళ్ళ నాన్న ఏడు రాళ్ళు పట్టుకుని లంకకి వెళ్ళాడు. ఐదో చుట్టులో ఉండగా పొగమంచు దిగింది. ఆ మంచులోంచి పిలుపు...

"ఉన్నావా...?"

పెళ్ళాం బాబీన్ గొంతే. జ్వరంతో ఉన్న పిల్లని వదిలేసి ఇసుక మీదకి వచ్చేసింది. ఆయన విన్నాడు. పలకలేదు. పలికితే పిల్ల పోతుంది కదా.

మళ్ళీ పిలిచింది. ఆయన ఆరో రాయి వదిలాడు.

ఏడూ పూర్తి చేసి, నడుం లోతు నీళ్ళలో ఇల్లు చేరేసరికి పిల్ల ఒళ్ళు చల్లబడి హాయిగా నిద్రపోతోంది. బాబీన్ లేదు. మూడో రోజు పడమటి రాళ్ళ దగ్గర దొరికింది.

పిల్లని వదిలేసి ఆ తల్లి అక్కడికి ఎందుకెళ్ళిందో ఎవరికీ అంతుపట్టలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళే ఒక అర్థం చెప్పుకున్నారు. కీనన్ పిల్లనిచ్చాడు, సముద్రం తల్లిని తీసుకుంది, లెక్క సరిపోయింది అని. అప్పటి నుంచీ మంచు పట్టిన సాయంత్రాల్లో ఆ పిలుపు వినిపిస్తుంది. పలికినవాణ్ణి సముద్రంలోకి లాక్కుపోతుందన్నారు. పలికి చూసినవాడు మాత్రం ఎవడూ లేడు.

అన్ని ఆత్మల పండగ రాత్రి మా చనిపోయినవాళ్ళ కోసం తలుపు గడియ తీసి ఉంచుతాం. పొయ్యి దగ్గర కుర్చీలు వేస్తాం. బాబీన్ మాకు స్వయానా ముత్తవ్వ. ఆమెకి మాత్రం కిటికీలు మూశాం. ఈ మాట అంటున్నాను గానీ, అప్పట్లో నాకెప్పుడూ తోచలేదు.

ఇక మొన్నటి సంగతి.

మా ఊరి బడిలో పిల్లలు లేకుండా పోయాక దాన్ని ధ్యానగృహం చేశారు. నేను అక్కడ వంట చేస్తాను. మా తమ్ముడు ఫెస్టీ పడవ నడుపుతాడు, సామాన్లు మోస్తాడు, అందరి మీదా గొణుగుతాడు. ఏటా నవంబరులో ఫిడెల్మా అనే ఆవిడ డబ్లిన్ నుంచి ఎనిమిది మందిని వెంటబెట్టుకుని వస్తుంది. పాతకాలపు మన సన్యాసుల దారిలో వారం రోజుల ధ్యానం. మంచి మనిషే, కాదనను. చెప్పులు లేకుండా రాళ్ళ మీద నడుస్తుంది. "ఇక్కడ రెండు లోకాల మధ్య పొర చాలా పలచన డెలియా," అంటుంది.

"అందుకే కాబోలు ఇంత చలి," అంటాను నేను.

వాళ్ళకో నియమం ఉంది. సాయంత్రం ఐదింటికి గంట కొడితే మౌనం. పొద్దున గంజి తాగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. పగలు తలా ఒక పని చేయాలి. ఈసారి నా వంటింటికి మలకీ అనే ఆయన్ని వేశారు.

మలకీ అథ్లోన్‌లో ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. భారీ మనిషి. ఏం పెట్టినా తినేవాడు. ఒకరోజు గంజిలో ఉప్పు వేయడం మర్చిపోతే అందరూ ముఖాలు చూసుకున్నారు. ఆయన గిన్నె ఖాళీ చేశాడు. అదేంటయ్యా అంటే, "నాకు తెలీలేదు," అన్నాడు.

మూడో రోజు బంగాళాదుంపలు తొక్క తీస్తూ తనే చెప్పాడు. కత్తి మీద నుంచి చూపు ఎత్తలేదు.

"గేటుకి ఏ రంగు వేయాలన్న దాని మీద గొడవ, డెలియమ్మా. మా ఆవిడ బర్నీ ఆకుపచ్చ అంది. నేను నలుపన్నాను. నాలుగు రోజులు మాట్లాడలేదు."

"ఎవరు, ఆవిడా?"

"నేను. నాలుగో రోజు వెనక వంటింట్లోంచి పిలిచింది. మల్, ఉన్నావా అని. నేను ముందు గదిలో పేపరు చదువుతున్నాను. పలకలేదు."

"ఒక్కసారే పిలిచిందా?"

"రెండుసార్లు. అరగంట తర్వాత టీ పెట్టుకుందామని వెళితే కింద పడి ఉంది. గుండె ఆగిపోయిందన్నారు."

 ఏమనాలో తెలియనప్పుడు నోరు మూసుకోవాలి, నాకా అలవాటు లేదు. "మరి గేటు?" అన్నాను.

"ఆకుపచ్చే వేశాను."

ఇంకో దుంప తీసుకున్నాడు. "ఏడుపు రాలేదు. పదకొండు నెలలైంది. కాలు తిమ్మిరెక్కితే గిల్లి చూసుకుంటాం కదా, అలా అప్పుడప్పుడు గిల్లి చూసుకుంటుంటాను. ఏమీ తెలియదు. మా చెల్లెలు డబ్బు కట్టి పంపింది. సరే అని వచ్చాను."

జాలి వేసింది. కానీ ఆ జాలి కూడా ఆయన దాకా చేరలేదు. నా ముందున్న మనిషి ఎక్కడో దూరంగా ఉన్నట్టుండేవాడు.

ఐదో రోజు మధ్యాహ్నం ఫిడెల్మా అందర్నీ లంకకి తీసుకెళ్ళి బావి దగ్గర కూర్చోబెట్టింది. మూడున్నరకి తిరిగొచ్చారు. నాలుగింటికి ఫెస్టీ వంటింటి గుమ్మంలోకి వచ్చి తిట్టడం మొదలెట్టాడు.

"అక్కా, ఆ మహాతల్లి దీపాన్ని బావి గట్టు మీదే వదిలేసి వచ్చింది. కొత్త లాంతరు. గాజు కూడా పగల్లేదింకా."

"రేపు తెచ్చుకోరా."

"రేపటిదాకా గాలి ఉంచుతుందా?"

"మంచు దిగుతోంది చూడు. ఐదున్నరకల్లా నీళ్ళు వచ్చేస్తాయి."

"ఈ ఇసుక సంగతి నాకు చెప్తున్నావా? నీకంటే ముందు నుంచి నడుస్తున్నాను దీని మీద."

"నాకంటే ఆరేళ్ళు చిన్నోడివి, వెధవా."

నవ్వుతూ వెళ్ళిపోయాడు. అరవై రెండేళ్ళొచ్చినా ఆ నవ్వు మారలేదు వాడికి.

నాలుగున్నర అయింది. రాలేదు. ముప్పావు... కిటికీ అవతల మంచు తప్ప ఏమీ కనిపించడం లేదు. వాడి కోటు తగిలించే మేకు ఖాళీగా ఉంది. అటునుంచి అటే ఇంటికెళ్ళి ఉంటాడులే అనుకున్నాను. నమ్మలేదు, ఊరికే అనుకున్నాను.

ఐదింటికి గంట కొట్టారు. ఇల్లంతా మౌనంలోకి పోయింది. చీకటి పడిపోయింది. పక్క గదిలో ఫిడెల్మా, ఏడుగురూ కొవ్వొత్తి చుట్టూ కూర్చున్నారు. మలకీ నా దగ్గర సూప్ గిన్నెలు సర్దుతున్నాడు.

అప్పుడు వినిపించింది.

"ఉన్నావా...?"

 సన్నటి ఆడగొంతు. ఇసుక దారి వైపు నుంచి. నేను లేచి కిటికీ గడియ గట్టిగా నొక్కాను. చెయ్యి దానంతటదే ఆ పని చేసింది.

నిజం చెప్పాలి. తమ్ముడు బయట ఉన్నాడని నాకు తెలుసు. నీళ్ళు వస్తున్నాయని తెలుసు. కానీ అది ఆడగొంతు, ఫెస్టీది కాదు. కాబట్టి నేను వెళ్ళక్కర్లేదు. నా బుర్ర ఆ ఒక్క ముక్క పట్టుకుని కూర్చుంది.

మలకీ గిన్నెలు కింద పెట్టాడు.

"ఎవరో పిలుస్తున్నారు."

"పలకొద్దు," అని గుసగుసగా అన్నాను.

"ఎందుకు?"

"అది మనిషి కాదు."

ఆయన నావైపు ఓసారి చూశాడు. భయం లేదు, ఎగతాళి లేదు. "అయితే ఏంటి?" అన్నాడు.

"ఉన్నావా...?" రెండోసారి.

మలకీ వెళ్ళి వీధి తలుపు తీశాడు. మంచు లోపలికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, బస్సులో వెనక సీటు వాడికి వినిపించేంత గట్టిగా, "ఉన్నాను," అన్నాడు.

పక్క గదిలోంచి ఫిడెల్మా పరుగున వచ్చింది. పెదాల మీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. వెనకాల ఏడుగురూ నోళ్ళు మూసుకుని నిలబడ్డారు. వాళ్ళూ విన్నారు ఆ పిలుపు. ధ్యానంలో భాగం అనుకున్నారట, తర్వాత చెప్పారు.

మలకీ మేకుకున్న లాంతరు తీసుకున్నాడు. "పిలిస్తే పలకాలి కదమ్మా," అని ఆవిడతో అని, బయటికి వెళ్ళిపోయాడు.

నేను గుమ్మం దాకా వెళ్ళాను. దాటలేదు. ఆ సంగతి ఎవరూ నన్ను అడగలేదు గానీ నేనే చెప్తున్నాను, దాటలేదు.

ఇసుక మీద ఏం జరిగిందో మలకీ చెప్పగా విన్నదే.

లాంతరు వెలుగు ఆయన చేతి దాకానే పడుతోందట. అవతల అంతా తెల్లగా, గోడలా ఉంది. కాళ్ళ కింద తడి ఇసుక. కాసేపటికి మడమల దాకా నీళ్ళు...

"ఉన్నావా...?"

"ఉన్నాను."

పలికిన ప్రతిసారీ తర్వాతి పిలుపు ఇంకాస్త ఎడమకి జరిగేది. ఆయన అటే తిరిగేవాడు. నీళ్ళు మోకాళ్ళకి వచ్చాయి. వెనక్కి చూస్తే ఇల్లు లేదు, దీపాలు లేవు. భయం వేయలేదా అని అడిగాను. "వేయాలని తెలుసు," అన్నాడు.

"ఉన్నావా...?"

ఈసారి పక్కనే. చెయ్యి చాస్తే అందేంత దగ్గర.

"ఉన్నానమ్మా, చెప్పు."

అప్పుడు ఆ గొంతు ఏదో చెప్పిందట. చిన్న మాట. తర్వాత ఇంక పిలుపు లేదు. నీళ్ళ చప్పుడే.

ఒక అడుగు ముందుకు వేశాడు. కాలికి మెత్తగా తగిలింది. వంగి లాంతరు దించి చూస్తే... తల. బూడిదరంగు తల, కళ్ళు తెరుచుకుని.

మా ఫెస్టీ.

పాచి పట్టిన రాళ్ళ మధ్య కాలు ఇరుక్కుపోయి, ఛాతీ దాకా నీళ్ళలో కూర్చుని ఉన్నాడు. ఒక చెయ్యి పైకెత్తి, గాజు పగలకుండా ఆ దరిద్రపు లాంతరు పట్టుకునే ఉన్నాడు. మలకీ నీళ్ళలో మునిగి బూటు తాళ్ళు విప్పాడు. బూటు రాళ్ళలోనే ఉండిపోయింది, మనిషి వచ్చాడు. ఇద్దరూ మా వంటింటి దీపం పట్టుకుని ఎలాగో ఒడ్డు చేరారు. ఆ దీపమైనా ఆర్పకుండా ఉంచాను నేను, అంతవరకు నయం.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, దుప్పట్లు చుట్టి, టీలో విస్కీ పోసి తాగించాను. ఫెస్టీ పళ్ళు టకటకలాడుతున్నాయి. ఫిడెల్మా మౌనం వదిలేసి, వాడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతోంది. ఆవిడ మీద నాకున్న చిరాకంతా అక్కడితో పోయింది. నా మీద నాకే పట్టుకుంది. భయం తగ్గేకొద్దీ అది కోపమైంది, ఆ కోపం వాడి మీదే చూపించాను.

"పిలిచేవాడివి మగాడిలా పిలవొద్దా? డెలియా, నేను ఫెస్టీని అని అరిచి చావొచ్చుగా! ఆ సన్నగొంతేంటి?"

ఫెస్టీ కప్పు కిందికి దించాడు.

"నేను పిలవలేదే."

"ఏంటి?"

"నేనెందుకు పిలుస్తానక్కా? దీపాలు పెట్టాక ఇసుక మీద నుంచి పిలిస్తే మనవాళ్ళెవరు పలుకుతారు? నువ్వు మాత్రం పలుకుతావా? దండగని నోరు మూసుకుని కూర్చున్నాను."

నిష్ఠూరంగా అనలేదు. రేపు వాన పడుతుంది అన్నట్టు మామూలుగా అన్నాడు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"మరి ఆ పిలుపు..."

"నేనూ విన్నాను. నా పక్కనే ఎన్నోసార్లు పిలిచింది. నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి," అని చంక దగ్గర చెయ్యి పెట్టి చూపించాడు. "అయినా పలకలేదు. ఎవరో మగగొంతు ఉన్నాను అంటున్నా, అదీ ఆ మాయే అనుకున్నాను."

 మలకీ పొయ్యికి అవతలి వైపు కూర్చున్నాడు. బట్టల్లోంచి ఆవిరి లేస్తోంది. కప్పు రెండు చేతులతో పట్టుకుని దాంట్లోకి చూస్తున్నాడు.

"బర్నీ కాదు," అన్నాడు. "పేరు పెట్టి పిలుస్తుందేమోనని మధ్యలో రెండుసార్లు ఆగి చూశాను. ఒక్కసారి మల్ అంటుందేమోనని. అనలేదు. వేరే ఎవరో."

నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. తీయమనలేదు.

"డెలియమ్మా, మీ దీవిలో ఎవరింట్లోనైనా పిల్లకి ఒంట్లో బాగోలేదా?"

"ఈ దీవిలో పిల్లలే లేరయ్యా. తొమ్మిదేళ్ళైంది బడి మూసి. ఎందుకు?"

"నేను ఉన్నాను, చెప్పమన్నాక దగ్గరికొచ్చి చెప్పింది. ఎవరికి చెప్పాలో నాకు తెలియడం లేదు. అందుకని అడుగుతున్నాను." ఒక్క అక్షరం తప్పకూడదన్నట్టు మెల్లగా చెప్పాడు. "పిల్లకి జ్వరం దిగిపోయిందట. ఇంక తిరగక్కర్లేదు, ఇంటికి వచ్చేయమంది."

ఫెస్టీ నావైపు చూశాడు. నేను వాడివైపు చూశాను.

అప్పటికే దిగిపోయిందన్నమాట. ఐదో చుట్టు దగ్గరే. ఆ మాట చెప్పడానికే బాబీన్ పరిగెత్తుకొచ్చింది. నూట పన్నెండేళ్ళుగా అదే మాట పట్టుకుని, ఒక్కరైనా పలికితే చెబుదామని ఇంటింటికీ వినపడేలా అడుగుతూనే ఉంది. మేము పీట్ గడ్డలు వేసుకుంటూ కూర్చున్నాం.

మా నాయనమ్మ తొంభై ఒక్కేళ్ళు బతికింది. ఆవిడే నాకు ఆ కిటికీ మూయడం నేర్పింది.

నేను లేచి వెళ్ళి గడియ తీశాను. బయట ఇసుక దారి పూర్తిగా మునిగిపోయింది. మంచు కొంచెం పలచబడింది. ఎంతసేపు నిలబడినా పిలుపు రాలేదు.

"ఉన్నాం," అన్నాను. చలి లోపలికి వస్తోందని ఎవరూ అనలేదు.